చెప్పుకోవడం చిన్నతనం కాదు

(పెన్షనర్ల దినోత్సవ సభలో మన సంఘ సభ్యురాలు, విశ్రాంత నర్సింగ్ సూపరింటెండెంట్ ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబర్ 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తలచుకుంటూ మనం ఏటా ఈ రోజున కలుసుకుంటున్నాం. డి.ఎ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు వివరంగా చెప్పారు. కార్యదర్శిగారు మాత్రం నాతో "ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పండమ్మా" అన్నారు. బి.పి., షుగరు గురించి చెబుతానని ఆయన అనుకొని ఉంటారు. క్షమించాలి. ముప్పై ఏళ్ళకు పైగా ఆసుపత్రి వార్డుల్లో తిరిగినదాన్ని కనుక, రోగులకు సేవ చేసేవారి మనసు కుంగినప్పుడు వాళ్ళు ఎవరితో చెప్పుకోవాలి, ఈ రోజుల్లో ఫోనులో, ఆన్‌లైన్‌లో దొరుకుతున్న సాయం వారికి ఎంతవరకు పనికొస్తుంది అనే విషయం చెప్పదలచుకున్నాను.

రిటైరైనవాళ్ళకు ఇదెందుకు అని మీలో కొందరికి అనిపించవచ్చు. ఈ హాలులో కూర్చున్నవారిలో చాలామంది ఇళ్ళలో ఒక నర్సో, డాక్టరో, ల్యాబ్ టెక్నీషియనో, ఆశా కార్యకర్తో, 108 అంబులెన్సులో పనిచేసే కుర్రవాడో ఉన్నారు. కొందరి పిల్లలు అమెరికాలో, ఇంగ్లండులో ఆసుపత్రుల్లో ఉన్నారు. వాళ్ళు డ్యూటీ దిగి ఇంటికి వచ్చినప్పుడో, ఫోన్ చేసినప్పుడో మాట్లాడేది మనతోనే. అందువల్ల ఈ విషయంలో మనకు పని ఉంది.

ముందుగా నా ఇంటి సంగతి చెబుతాను. మా కోడలి అనుమతి తీసుకునే చెబుతున్నాను.

మా కోడలు స్టాఫ్ నర్సు. 2021 మే నెలలో, కరోనా రెండవ విడత ఉధృతంగా ఉన్నప్పుడు, ఆక్సిజన్ వార్డులో డ్యూటీ చేసింది. ఆ రోజుల్లో రోగుల బంధువులను లోపలికి రానిచ్చేవారు కాదు. రోగి సెల్‌ఫోన్‌ను నర్సే పట్టుకుని, వీడియోలో ఇంటివాళ్ళను చూపించేది. ఒక పెద్దాయన రోజూ రాత్రి తన భార్యతో మాట్లాడేవాడట. మాట్లాడటమంటే, ముఖానికి మాస్కు ఉంటుంది కనుక ఆవిడ మాట్లాడితే ఈయన చెయ్యి ఊపేవాడు. ఒకనాటి తెల్లవారుజామున ఆయన పోయాడు. శరీరాన్ని ప్యాక్ చేస్తున్న సమయంలో సంచిలో ఉన్న ఆయన ఫోను మోగింది. తెర మీద భార్య పేరు. కబురు ఇంటికి చెప్పవలసింది డాక్టరుగారు, ఆయన ఇంకో మంచం దగ్గర ఉన్నారు. ఆ ఫోను ఆగి మళ్ళీ మోగింది, ఆగి మళ్ళీ మోగింది. మా కోడలు ఎత్తలేదు.

ఆ తర్వాత మా ఇంట్లో ఎవరి ఫోను మోగినా ఆ పిల్ల ఉలిక్కిపడేది. కంచం ముందు కూర్చుని అన్నం కెలికి లేచిపోయేది. పసివాడు అల్లరి చేస్తే ఎన్నడూ లేనిది చెయ్యి చేసుకుంది. ఏమైందమ్మా అంటే "ఏం లేదత్తయ్యా, నిద్ర చాలడం లేదు" అనేది.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఒకరోజు నేను విసుగెత్తి, "మేమూ చేశాం అమ్మా డ్యూటీలు. కలరా చూశాం, మెదడువాపు చూశాం. మేమెప్పుడైనా ఇలా కూర్చున్నామా?" అన్నాను. ఆ పిల్ల మారు మాట్లాడకుండా గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ముప్పై ఏళ్ళకు పైగా నర్సుగా పనిచేసిన నేను ఒక రోగితో అలా మాట్లాడి ఉంటే నా కింద పనిచేసే పిల్లలను కేకలు వేసి ఉండేదాన్ని. ఇంట్లో మనిషి కనుక అనేశాను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే నేను అన్నది అబద్ధం. మేమూ అలా కూర్చున్నాం. ఎవరికీ చెప్పలేదు, అంతే.

1984లో నేను పిల్లల వార్డులో ఉన్నాను. వేసవిలో వాంతులు, విరేచనాల కేసులు ఒక్కసారిగా వచ్చేవి. ఒక్కో మంచం మీద ఇద్దరు ముగ్గురు పిల్లలు, నైట్ డ్యూటీలో నేనొక్కదాన్నే. ఒక బిడ్డకు సెలైన్ ఎక్కిస్తున్నాను. పక్క వరుసలోంచి ఒక తల్లి వచ్చి నా చీర కొంగు పట్టుకుని లాగింది. "ఇదిగో వస్తున్నానమ్మా" అన్నాను. నరం దొరకడానికి ఎంత సేపు పట్టిందో నాకిప్పటికీ తెలియదు. నేను వెళ్ళేసరికి ఆ తల్లి బిడ్డ వెళ్ళిపోయింది. పొద్దున్న హెడ్ నర్సుగారు నా ముఖం చూసి, "డ్యూటీలో కన్నీళ్ళు పెట్టకూడదు, ముఖం కడుక్కుని రా" అన్నారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. ఆవిడకు వారి హెడ్ నర్సు నేర్పింది అదే. నేను ముఖం కడుక్కుని వచ్చాను. ఆ సంగతి మా వారికి కూడా చెప్పలేదు. ముప్పై ఏడేళ్ళు చెప్పలేదు.

ఆ మర్నాడు సాయంత్రం మేడ మీద, నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చుని మా కోడలికి ఆ సంగతి మొదటిసారి చెప్పాను. అది విన్నాకే ఆ పిల్ల ఫోను సంగతి నాకు చెప్పింది. ఇద్దరం చాలాసేపు కూర్చున్నాం. కాని అత్తగారితో చెప్పుకున్నంత మాత్రాన సరిపోదని నాకు తెలుసు. నేను వినగలను గాని వైద్యం చెయ్యలేను కదా. మా ఊళ్ళో మానసిక వైద్యుల దగ్గరికి వెళదామంటే ఒప్పుకోలేదు. "అక్కడ ఓ.పి.లో అందరూ నన్ను ఎరుగుదురత్తయ్యా, రేపటికల్లా వార్డంతా తెలిసిపోతుంది" అంది. ఆమె మాటలో నిజముంది. ఆసుపత్రిలో పనిచేసే మనిషికి ఆసుపత్రిలోనే చాటు ఉండదు.

అప్పుడు ఆమె స్నేహితురాలు ఒక నంబరు ఇచ్చింది. 2020 మార్చి నెలాఖరులో, లాక్‌డౌన్ మొదలైన కొద్ది రోజులకే, కేంద్ర ప్రభుత్వం బెంగళూరు నిమ్హాన్స్ సంస్థ ద్వారా మానసిక సాయం కోసం ఒక హెల్ప్‌లైన్ ప్రారంభించింది. మా కోడలు దానికి ఫోన్ చేసింది. ఆ తర్వాత దూరపు ఊళ్ళో ఉన్న ఒక సైకాలజిస్టుతో కొన్ని వారాలపాటు వారానికొకసారి వీడియోలో మాట్లాడింది. ఫోను మోగితే వణికిపోయిన పిల్లకు ఫోనులోనే సాయం దొరికింది.

ఆ మాటలన్నీ మేడ మీదే. ఆ ముప్పావు గంట మనవణ్ణి కింద పట్టుకుని కూర్చోవడం, ఎవరైనా వస్తే "అమ్మాయి పనిలో ఉంది" అని చెప్పడం నా డ్యూటీ. ఏం మాట్లాడారని నేను అడగలేదు. ఒక్క సంగతి మాత్రం తనే చెప్పింది. ఆ సైకాలజిస్టు మొదటి రోజున బాధ గురించి అడగనే లేదట. "మీ పక్కన ఎవరైనా ఉన్నారా, ఇప్పుడు స్వేచ్ఛగా మాట్లాడగలరా, లైను తెగిపోతే ఏ నంబరుకు చెయ్యాలి, అత్యవసరమైతే మీ ఇంట్లో ఎవరిని పిలవాలి" అని అడిగిందట. ఎదుటి మనిషి కళ్ళెదుట లేనప్పుడు ఇలాంటి జాగ్రత్తలు తప్పనిసరి. ఇవి అడిగారంటే వాళ్ళు పని తెలిసినవాళ్ళని అర్థం.

ఇప్పుడు మీకు పనికొచ్చే వివరాలు కొన్ని చెబుతాను.

2022 అక్టోబర్ 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం నాడు, మన దేశంలో టెలి మానస్ అనే సేవ మొదలైంది. నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, డబ్బు కట్టనక్కరలేదు. తెలుగులో మాట్లాడవచ్చు. ముందు శిక్షణ పొందిన కౌన్సిలరు మాట్లాడతారు. అవసరమనుకుంటే సైకియాట్రిస్టుకు కలుపుతారు, లేదా దగ్గరలోని ఆసుపత్రికి పంపుతారు. ఇప్పటికి 20 లక్షలకు పైగా కాల్స్ ఆ నంబరుకు వచ్చాయి. 2024 అక్టోబర్ 10న సెల్‌ఫోనులో వాడుకునే యాప్ కూడా తెచ్చారు. ఇది అందరి కోసం పెట్టినదే, ఆసుపత్రి సిబ్బందీ వాడుకోవచ్చు. ఇక రహస్యం సంగతి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే నుండి అమలులో ఉంది. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు ఆ చట్టం ఇచ్చింది. పై అధికారికి తెలిసిపోతుందేమో అని భయపడే పిల్లలకు ఈ మాట చెప్పండి.

ఈ భయం మన దేశంలోనే కాదు. 2020లో న్యూయార్క్‌లో ఒక ఆసుపత్రి అత్యవసర విభాగానికి అధిపతిగా ఉన్న డాక్టర్ లోర్నా బ్రీన్ అనే ఆవిడ కరోనా బారిన పడి, కోలుకుని, మళ్ళీ డ్యూటీకి వెళ్ళింది. ఆ మరణాలు చూసి తట్టుకోలేక ఏప్రిల్ 26న ప్రాణం తీసుకుంది. మానసిక చికిత్స చేయించుకున్నట్లు తెలిస్తే లైసెన్సు పోతుందని ఆమె భయపడిందని కుటుంబం వారు తర్వాత చెప్పారు. వారి కృషి వల్ల 2022 మార్చిలో వైద్య సిబ్బంది మానసిక ఆరోగ్యం కోసం ఆమె పేరుతోనే అమెరికాలో ఒక చట్టం వచ్చింది. ఇంగ్లండులోనైతే 2008లోనే లండన్‌లో డాక్టర్ల కోసం ప్రత్యేకంగా రహస్య సేవ మొదలుపెట్టి, తర్వాత దాన్ని విస్తరించారు. మీ పిల్లలు ఆ దేశాల్లో ఉంటే ఇలాంటివి ఉన్నాయని వాళ్ళకు తెలుసో లేదో ఒకసారి అడగండి.

అయితే ఫోనులో ఒక యాప్ పెట్టుకుంటే సరిపోతుందని మాత్రం చెప్పను. 2020లో స్పెయిన్ దేశంలో 482 మంది వైద్య సిబ్బంది మీద ఒక పరీక్ష చేశారు. సగం మందికి మానసిక ధైర్యం కోసం తయారుచేసిన యాప్ ఇచ్చారు. రెండు వారాల తర్వాత చూస్తే మొత్తం మీద పెద్ద తేడా కనిపించలేదు. అప్పటికే మందులు వాడుతున్నవారికి, లేదా కౌన్సిలింగులో ఉన్నవారికి మాత్రం మేలు కనిపించింది. ఆన్‌లైన్ పాఠాలు ఒంటరిగా చదువుకున్నవారి కంటే, మధ్యమధ్య ఒక మనిషి పలకరించి దారి చూపినవారికి ఎక్కువ గుణం కనిపిస్తుందని ఇతర పరిశోధనలు కూడా చెబుతున్నాయి. యంత్రం సాధనమే. దాని అవతల మనిషి ఉండాలి.

చైనాలో జరిగింది ఇంకా ఆలోచించదగినది. 2020 ఆరంభంలో చాంగ్‌షా నగరంలోని ఒక పెద్ద ఆసుపత్రి వారు తమ సిబ్బంది కోసం ఆన్‌లైన్ పాఠాలు, హాట్‌లైను, సామూహిక కార్యక్రమాలు అన్నీ ఏర్పాటు చేశారు. సిబ్బంది అంతగా ముందుకు రాలేదు. చిరాకు పడుతున్న నర్సులు కూడా తమకేమీ సమస్య లేదన్నారు. ఎందుకని 13 మందిని కూర్చోబెట్టి అడిగారు. ఇంట్లోవాళ్ళు కంగారుపడకూడదని కొందరు, మాట వినని రోగులతో ఎలా వేగాలో తెలియడం లేదని కొందరు చెప్పారు. చాలామంది మాత్రం, "మాకు సైకాలజిస్టు వద్దు, మధ్యలో లేపకుండా కాస్త విశ్రాంతి కావాలి, చాలినన్ని రక్షణ దుస్తులు కావాలి" అన్నారు. ఆసుపత్రి వారు ఆ మాట విన్నారు. విశ్రాంతికి చోటు, వేళకు భోజనం ఏర్పాటు చేశారు. రోజువారీ పనిని వీడియో తీసి ఇంటికి పంపించుకునే వీలు కల్పించారు. రోగులతో మెలగే పద్ధతిలో శిక్షణ ఇచ్చారు. సైకాలజిస్టులు కూడా విశ్రాంతి గదికే వెళ్ళి వాళ్ళ కష్టాలు విన్నారు. ఈ సంగతంతా 2020లోనే లాన్సెట్ సైకియాట్రీ అనే వైద్య పత్రికలో వచ్చింది.

ఇది చదివినప్పుడు నాకు 1984 నాటి ఆ రాత్రి గుర్తుకొచ్చింది. ఆ రాత్రి నాతో ఇంకొక నర్సు ఉండి ఉంటే నాకు ఏ కౌన్సిలింగూ అవసరం పడేది కాదేమో. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్న్ అవుట్ అనే దాన్ని నిర్వచిస్తూ, అది పనిచేసే చోట అదుపు చేయలేకపోయిన ఒత్తిడి వల్ల వచ్చేదని చెప్పింది. దాని లక్షణాలు మూడు. ఒంట్లో సత్తువంతా హరించుకుపోయినట్లుండటం, చేసే పని మీద ఏవగింపు కలగడం, ఏం చేసినా సరిగ్గా చేయడం లేదనిపించడం. కనుక ఖాళీ పోస్టులు నింపకుండా, వరుసగా నైట్ డ్యూటీలు వేస్తూ, హెల్ప్‌లైను నంబరు కాగితం గోడకు అంటిస్తే బాధ్యత తీరిపోదు. ఉద్యోగ సంఘాల్లో పనిచేసినవాళ్ళం కనుక ఈ మాట మనం గట్టిగా అనగలం, అనాలి.

2020 మార్చి 22 సాయంత్రం అయిదు గంటలకు మనమంతా వాకిళ్ళలో నిలబడి పళ్ళేలు మోగించాం, చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను, సంతోషించాను. కాని దేవతలని పొగిడినకొద్దీ వాళ్ళు అలసిపోయామని చెప్పుకోవడానికి సిగ్గుపడతారు. దేవతలకు నిద్ర ఉండదు, ఆకలి ఉండదు. మా పిల్లలకు ఉంటాయి.

ఇక ఇంట్లో మనం చెయ్యగలిగినవి. నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, ముక్కోపం, ఎవరితోనూ కలవకపోవడం, మందు అలవాటు పెరగడం రెండు వారాలు మించి కనిపిస్తే ఊరుకోకండి. "మా రోజుల్లో" అని మొదలుపెట్టకండి. వెంటనే సలహా ఇవ్వకండి. వింటే చాలు. ఫోనులో మాట్లాడుకోవడానికి ఒక గది, ఒక గంట ఇవ్వండి. తర్వాత ఆరా తీయకండి. బ్రతకాలని లేదన్న మాట నోట వస్తే మాత్రం అది ఊరికే అన్నదని తీసిపారేయకండి. ఒంటరిగా వదలకుండా 14416కు ఫోన్ చెయ్యండి, ప్రమాదం కళ్ళెదుట ఉంటే 108ను పిలిచి ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. అక్కడ మనిషి ఎదుట మనిషి ఉండాలి. ఫోను చాలదు.

మా కోడలు ఇప్పుడెలా ఉందని అడుగుతారు. అప్పట్లో రెండు వారాలు సెలవు పెట్టింది. తర్వాత ప్రసూతి వార్డుకు మార్పించుకుంది. ఉద్యోగం మానలేదు. ఇప్పటికీ మే నెల వస్తే కొన్ని రోజులు ముభావంగా ఉంటుంది. ఆ రోజుల్లో ఇద్దరం మేడ మీద కూర్చుంటాం. ఫోను మోగితే ఎత్తుతుంది. ఆ పెద్దాయన భార్యకు కూడా ఆ తర్వాత ఒకసారి తనే ఫోన్ చేసి మాట్లాడింది. "చివరి రాత్రి కూడా మీకు చెయ్యి ఊపారు కదమ్మా" అని చెప్పిందట. ఆవిడ "నాకు గుర్తుందమ్మా, నువ్వేనా ఫోను పట్టుకుంది" అన్నదట.

సోదర సోదరీమణులారా, మనం బ్రతికి ఉన్నామని ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చుకుంటాం. వేలిముద్ర వేస్తే సర్కారు వారు నమ్ముతారు. డ్యూటీ నుంచి ఇంటికి వచ్చిన పిల్ల లోపల ఎలా ఉందో తెలుసుకోవడానికి అటువంటి యంత్రమేదీ లేదు. మనమే అడగాలి. "ఏం లేదు" అన్న తర్వాత కూడా కాసేపు పక్కన కూర్చోవాలి.

 భోజనాల వేళ మించిపోయింది. పెద్దవాళ్ళు మందులు వేసుకోవాలి.